భాగం 9: రాత్రి ఏసీకి పగటి ఎండ – ఇంటి సౌర విద్యుత్తు, బ్యాటరీ నిల్వ

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీ ఇంట్లో ఏసీ ఒక రాత్రికి ఎన్ని యూనిట్లు ఖర్చు చేస్తుందో మీరే మీటరు చూసి లెక్కగట్టగలుగుతారు. ఆ లెక్క నుంచి ఎంత బ్యాటరీ, ఎన్ని కిలోవాట్ల ప్యానెళ్లు కావాలో అంచనా వేయగలుగుతారు. బ్యాటరీ కొనడం ఏ ఇంటికి అవసరమో, ఏ ఇంటికి దండగ ఖర్చో కారణాలతో వివరించగలుగుతారు.

9.1 ప్రస్తావన

మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఒక డాబా ఇంటి పై అంతస్తును ఊహించుకోండి. రాత్రి పదకొండు దాటింది. బయట గాలి కాస్త చల్లబడినా గది చల్లబడలేదు. ఫ్యాను వేస్తే స్లాబు నుంచి దిగుతున్న వేడి గాలే మీదికి వస్తోంది. గదిలో ఒక పసిబిడ్డో, గుండె జబ్బు ఉన్న పెద్దాయనో ఉంటే ఆ రాత్రి ఏసీ విలాసం కాదు. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. లేదా కరెంటు పోదు గానీ నెలాఖరున బిల్లు చూసి ఇంటాయన నీరుగారిపోతాడు.

ఈ రెండు బాధలకూ ఇప్పుడు అందరూ చెప్పే మందు ఒక్కటే: సోలార్ పెట్టించుకోండి, బ్యాటరీ పెట్టించుకోండి. సంపర్క తరగతుల్లో కూడా విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఇది: “సార్, మూడు కిలోవాట్ల సోలార్ పెట్టిస్తే ఏసీ నడుస్తుందా?” దీనికి అవుననో కాదనో జవాబు చెప్పడం సాధ్యం కాదు. “ఏ సమయంలో?” అని తిరిగి అడగాలి. మధ్యాహ్నం ఒంటిగంటకైతే హాయిగా నడుస్తుంది. రాత్రి ఒంటిగంటకు ఆ ప్యానెళ్లు ఇచ్చేది సున్నా.

సోలార్ ప్యానెల్ విద్యుత్తును ఎలా ఉత్పత్తి చేస్తుందో 8వ భాగంలో చదివారు. ఈ భాగంలో అంతకంటె చిక్కు సమస్యను చూస్తాం. ఇంటికి కావలసిన యూనిట్లను పుట్టించడం నేడు పెద్ద ఖర్చు కాదు. మధ్యాహ్నం పుట్టిన యూనిట్‌ను అర్ధరాత్రి దాకా దాచి ఉంచడమే ఖర్చు. ఈ మాటను మనసులో ఉంచుకుని కింది లెక్కలు చదవండి.

9.2 కిలోవాట్ వేరు, యూనిట్ వేరు

డాబా మీది నీళ్ల ట్యాంకును తలచుకోండి. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయన్నది ఒక సంగతి. కొళాయి తిప్పితే నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తాయన్నది మరో సంగతి. పెద్ద ట్యాంకుకు సన్న కొళాయి ఉండవచ్చు, చిన్న ట్యాంకుకు లావు కొళాయి ఉండవచ్చు.

విద్యుత్తులో కొళాయి ధార కిలోవాట్, ట్యాంకు పరిమాణం కిలోవాట్-అవర్. ఒక కిలోవాట్ చొప్పున గంటసేపు వాడితే ఒక కిలోవాట్-అవర్ అవుతుంది. మీ బిల్లులో యూనిట్ అని రాసేది దీన్నే. ఏసీని బ్యాటరీ మీద నడపాలంటే రెండు పరీక్షలూ నెగ్గాలి: ఏసీ ఒక్కసారిగా లాగే కిలోవాట్లను ఇన్వర్టర్ ఇవ్వగలగాలి, రాత్రంతా వాడే యూనిట్లను బ్యాటరీ దాచగలగాలి. దుకాణంలో “అయిదు కిలోవాట్ల బ్యాటరీ” అని ఎవరైనా అంటే, అది ధారా, ట్యాంకా అని ఆపి అడగండి. ఆ ప్రశ్నకు తడబడే వాళ్ల దగ్గర కొనకపోవడమే మంచిది.

9.3 ఏసీ నిజంగా ఎంత వాడుతుంది?

ఏసీని టన్నుల్లో కొలవడం మంచు కాలపు అలవాటు. అమెరికా లెక్కలో ఒక టన్ను, అంటే సుమారు 907 కిలోల మంచు, 24 గంటల్లో కరిగేటప్పుడు ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత వేడిని అదే వేగంతో తీసివేయగల యంత్రాన్ని ఒక టన్ను ఏసీ అన్నారు. కిలోవాట్లలో చెబితే సుమారు 3.5. ఇది గదిలోంచి తీసివేసే వేడి మాత్రమే. మీటరు నుంచి లాగే విద్యుత్తు అందులో మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది. ఎందుకంటే ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు, లోపలి వేడిని బయటికి తోడిపోస్తుంది. తోడే పనికి అయ్యే శక్తి తోడిన వేడికంటే తక్కువ.

ఏసీ మీద అంటించిన నక్షత్రాల స్టిక్కర్‌ను చాలామంది నక్షత్రాల వరకే చూస్తారు. మనకు అంతకంటె ఉపయోగపడే సంఖ్య దాని మీదే ఉంది: సంవత్సరానికి ఎన్ని యూనిట్లు. ఈ లెక్క ఏడాదికి 1,600 గంటల వాడకం మీద కట్టినది. కాబట్టి ఆ సంఖ్యను 1,600తో భాగిస్తే గంటకు సగటు ఖర్చు వస్తుంది. ఒక టన్ను ఏసీ మీద 560 అని ఉందనుకుందాం. గంటకు 0.35 యూనిట్. ఇది సగటు. మే నెలలో మీ స్లాబు కింద ఇంతకంటె ఎక్కువే అవుతుంది.

అందువల్ల స్టిక్కర్‌ను నమ్ముకోవడం కంటె మీ మీటరునే అడగండి. ఒక రాత్రి పడుకునే ముందు మీటరు రీడింగ్ రాసుకుని, పొద్దున లేవగానే మళ్లీ రాసుకోండి. ఏసీ వేసిన మూడు రాత్రులు, వేయని రెండు రాత్రులు ఇలా చేయండి. రెండింటి సగటుల తేడాయే మీ ఏసీ ఒక రాత్రికి తినే విద్యుత్తు. కాగితం, కలం తప్ప వేరే ఖర్చు లేదు. ఈ అయిదు రాత్రుల రీడింగులు చేతిలో లేకుండా సోలార్ దుకాణం గడప తొక్కవద్దని నా సలహా.

మీకు వచ్చిన అంకె రాతి మీద గీసిన గీత కాదని కూడా తెలుసుకోండి. ఏసీ ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) చెబుతోంది. 2020 జనవరి నుంచి దేశంలో అమ్మే గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలు కావాలన్న నిబంధన వచ్చింది కూడా ఇందుకే. 26 లేదా 27 దగ్గర పెట్టి ఫ్యాను కలిపి వేసుకుంటే చాలామందికి నిద్ర చెడదు.

ఇక స్లాబు సంగతి. మధ్యాహ్నం మిద్దె మీద పడిన ఎండ వేడి కాంక్రీటులోంచి గదిలోకి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే సాయంత్రమైనా, రాత్రి తొమ్మిదైనా పై అంతస్తు గది కొలిమిలా ఉంటుంది. అంటే మీరు రాత్రి ఏసీతో తోడిపోస్తున్నది చాలావరకు మధ్యాహ్నపు ఎండనే. ఆ ఎండను మిద్దె మీదే తిప్పికొట్టే తెల్లపూత వేస్తే రాత్రి తోడవలసిన వేడి తగ్గుతుంది. మన పెద్దలు వేసవికి ముందు మిద్దెకు సున్నం కొట్టించడంలో ఉన్న తర్కం ఇదే. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లటి పైకప్పుల విధానం కూడా దీని మీదే ఆధారపడింది. ప్యానెళ్లు సైతం తమ కింద ఉన్నంత మేర స్లాబుకు నీడనిస్తాయి. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, పడకగది పైనే ప్యానెళ్లు వచ్చేలా అమర్చుకోగలిగితే అది ఊరికే దొరికిన లాభం.

9.4 ప్యానెళ్లు ఇచ్చేది

తెలుగు రాష్ట్రాల్లో నీడ పడని మిద్దె మీద ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. ఒక కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగుల చోటు కావాలి.

ఎండ ఎంత మండితే అంత కరెంటు వస్తుందనుకోవడం పొరపాటు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు. వేడి దానికి శత్రువు. ప్యానెల్ మీద రాసిన సామర్థ్యం దాని లోపలి ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటిది. అంతకు మించిన ప్రతి డిగ్రీకీ సిలికాన్ ప్యానెల్ సుమారు 0.35 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మే మధ్యాహ్నం ప్యానెల్ ఒళ్లు 60 డిగ్రీలు దాటితే 12 నుంచి 14 శాతం వరకు నష్టమే. అందుకే ప్యానెళ్లను స్లాబుకు ఆనించకుండా, కింద గాలి ఆడేలా ఎత్తు మీద బిగిస్తారు. దుమ్ము కూడా ఇలాంటి నష్టమే చేస్తుంది. పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు కడగండి. మండే మధ్యాహ్నం వేడెక్కిన అద్దం మీద చల్లటి నీళ్లు కుమ్మరించకండి.

9.5 ఇన్వర్టర్ అనే ఒక మాట, మూడు వస్తువులు

ఈ విషయంలో గందరగోళానికి సగం కారణం ఇన్వర్టర్ అనే మాట. మన ఇళ్లలో కరెంటు పోయినప్పుడు ఫ్యాను, లైటు వెలిగించే పెట్టెను ఇన్వర్టర్ అంటాం. ప్యానెల్ ఇచ్చే ఏకముఖ విద్యుత్తును ఇంటికి పనికొచ్చే ఏకాంతర విద్యుత్తుగా మార్చే గోడ మీది పెట్టె సోలార్ ఇన్వర్టర్. మూడోది ఇన్వర్టర్ ఏసీ. దీనికి బ్యాటరీతో సంబంధమే లేదు. కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి పెంచి తగ్గించే ఎలక్ట్రానిక్ పరికరం లోపల ఉంది కనుక ఆ పేరు వచ్చింది. “ఇన్వర్టర్ ఏసీ కొన్నాం కదా, కరెంటు పోయినా నడవాలి” అని వాదించే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తప్పు వాళ్లది కాదు, పేరుది.

అయినా బ్యాటరీ మీద నడపడానికి ఇన్వర్టర్ ఏసీయే తగినది. పాతకాలపు స్థిర వేగపు ఏసీ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలు కంటె నాలుగైదు రెట్లు కరెంటు లాగుతుంది. గది చల్లబడ్డాక ఆగుతుంది, వేడెక్కగానే మళ్లీ అదే కుదుపుతో మొదలవుతుంది. ఆ కుదుపును తట్టుకోలేక చిన్న ఇన్వర్టర్ పెట్టె ఆగిపోతుంది. ఇన్వర్టర్ ఏసీ నెమ్మదిగా మొదలై, గది చల్లబడ్డాక తక్కువ వేగంతో సాగుతుంది.

సోలార్ ఇన్వర్టర్లలోనూ రకాలున్నాయి. సబ్సిడీతో ఎక్కువ ఇళ్లకు వస్తున్నది ఆన్-గ్రిడ్ రకం. ఇది బయటి లైన్‌లో కరెంటు ఉన్నంతసేపే పని చేస్తుంది. లైన్‌లో కరెంటు పోయిందా, నడినెత్తిన సూర్యుడున్నా సరే, ఆగిపోతుంది. ఇది లోపం కాదు, రక్షణ. కరెంటు తీసి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం మీ మిద్దె మీది కరెంటు వల్ల పోకూడదు కదా! బ్యాటరీని కలుపుకొని, లైన్ పోయినప్పుడు ఇంటిని బయటి లైన్ నుంచి విడదీసి ఎంచుకున్న కొన్ని వస్తువులను నడిపేది హైబ్రిడ్ ఇన్వర్టర్. కరెంటు కోతలో ఏసీ నడవాలంటే ఇది కావాలి, ఏసీ ఉన్న లైన్‌ను దాని బ్యాకప్ వైపు కలిపి ఉండాలి. వైరింగ్ పూర్తయ్యాక మెయిన్ స్విచ్ కట్టేసి ఏసీ నడుస్తుందో లేదో మీ కళ్లతో చూసిన తరవాతే మిగిలిన డబ్బు చెల్లించండి.

9.6 బ్యాటరీ: రాసింది ఎంత, చేతికి వచ్చేది ఎంత

మన ఇళ్లలో పాతుకుపోయినది లెడ్-యాసిడ్ బ్యాటరీ. 12 వోల్టులు, 150 ఆంపియర్-అవర్ అని రాసి ఉంటే రెండింటినీ గుణించండి: 1,800 వాట్-అవర్, అంటే 1.8 యూనిట్లు. కాని దీన్ని సగం కంటె ఎక్కువ ఖాళీ చేస్తూ పోతే త్వరగా చచ్చిపోతుంది. కాబట్టి చేతికి వచ్చేది 0.9 యూనిట్. మరో మెలిక: ఈ బ్యాటరీని ఎంత వేగంగా ఖాళీ చేస్తే అంత తక్కువ ఇస్తుంది. అందుకే దాని సామర్థ్యం పక్కన సి10 అనో సి20 అనో ఉంటుంది. పది గంటల్లో ఖాళీ చేస్తే వచ్చేది సి10, ఇరవై గంటల్లో అయితే సి20. ఒకే 150 అంకె రెండింటి మీదా ఉన్నా సి10 బ్యాటరీయే గట్టిది.

రెండోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, వ్యవహారంలో ఎల్.ఎఫ్.పి. ఈ పదార్థాన్ని బ్యాటరీకి వాడవచ్చని 1997లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం చూపించింది. లిథియం అయాన్ బ్యాటరీలపై కృషికి 2019లో గుడెనఫ్‌కు మరో ఇద్దరితో కలిసి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్కో ఎల్.ఎఫ్.పి. సెల్ 3.2 వోల్టులు ఇస్తుంది. 16 సెల్‌లను వరసగా కలిపితే 51.2 వోల్టులు, 100 ఆంపియర్-అవర్ సెల్‌లైతే 5.12 యూనిట్లు. ఇళ్లకు అమ్మే మాడ్యూళ్లలో తరచుగా కనిపించే 5.12 అనే వింత అంకె ఇలా వచ్చింది. ఇందులో 90 శాతం వరకు వాడుకోవచ్చు. వేల సార్లు నింపి ఖాళీ చేసినా తట్టుకుంటుంది. నీళ్లు పోయనక్కర లేదు. ఇతర లిథియం రకాల కంటె మంటల భయం తక్కువ.

దీనికీ వేడి పడదు. 40 డిగ్రీలు దాటే చోట పెడితే వయసు త్వరగా మీద పడుతుంది. మన ఇళ్లలో బ్యాటరీని మిద్దె మీది రేకుల గదిలో పెట్టే అలవాటుంది. ఖరీదైన వస్తువును ఎండలో ఉడకబెట్టడం అంటే అదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
(మీ సమాధానాలను భాగం చివర ఇచ్చిన సమాధానాలతో సరిచూసుకోండి.)
1. ఒక ఏసీ స్టిక్కర్ మీద సంవత్సరానికి 800 యూనిట్లు అని ఉంది. సగటున గంటకు ఎన్ని యూనిట్లు?
2. ఆన్-గ్రిడ్ సోలార్ ఉన్న ఇంట్లో మధ్యాహ్నం ఎండ ఉండగానే ఏసీ ఆగిపోయింది. కారణం ఏమై ఉండవచ్చు?

9.7 ఒక ఇంటి లెక్క

ఇప్పుడు మొదట చెప్పుకున్న పై అంతస్తు ఇంటికి లెక్క వేద్దాం. కింది అంకెలు నమూనాకు తీసుకున్నవి. మీ మీటరు చెప్పిన అంకెలను వాటి స్థానంలో పెట్టుకుని చేయండి.

ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు. కొలిమిలా ఉన్న గదిని చల్లబరచడానికి మొదటి గంటలో 0.9 యూనిట్, ఆ తరవాత గంటకు 0.45 చొప్పున ఏడు గంటలకు 3.15. ఏసీకి మొత్తం 4.05. రెండు తక్కువ కరెంటు ఫ్యాన్లకు 0.48, ఫ్రిజ్‌కు 0.4, లైట్లు వగైరాలకు 0.1. అన్నీ కలిపి 5.03, రాత్రికి 5 యూనిట్లు అనుకుందాం.

బ్యాటరీలో వాడుకోదగినది 90 శాతం. ఇన్వర్టర్ గుండా వచ్చేటప్పుడు కొంత వేడిగా పోయి 92 శాతమే మిగులుతుందనుకుందాం. 0.90 × 0.92 = 0.828. కావలసిన బ్యాటరీ 5 ÷ 0.828 = 6.04 యూనిట్లు. 5.12 మాడ్యూల్ చాలదు. రెండు కొనాలి. ఒక్క యూనిట్ కోసం ఖర్చు రెట్టింపు!

ఇక్కడ ఆగి, కొనే ముందు ఇంటిని చూడండి. మిద్దెకు తెల్లపూత వేశారు. పడమటి కిటికీకి బయట తడక కట్టారు. కిటికీ లోపల ఎంత మందపు తెర వేసినా వేడి అప్పటికే లోపలికి వచ్చేసినట్లే, బయట అడ్డుకోవాలి. సాయంత్రం 4 నుంచి 6 వరకు, ప్యానెళ్లు ఇంకా పని చేస్తున్నప్పుడే, ఏసీని నేరుగా ఎండ కరెంటు మీద నడిపి గదిని, గోడలను ముందే చల్లబరచారు. చల్లబడిన గోడ కూడా ఒక బ్యాటరీయే, దానికి ధర లేదు. రాత్రి 24కు బదులు 27 దగ్గర పెట్టారు. ఇప్పుడు మొదటి గంట 0.6, తరవాత గంటకు 0.35 చొప్పున 2.45, ఏసీకి 3.05. మిగతావి 0.98. మొత్తం 4.03. దాన్ని 0.828తో భాగిస్తే 4.87. ఒక్క మాడ్యూల్‌లో పట్టింది.

అంచు మీద పట్టిందని కూడా ఒప్పుకోవాలి. బ్యాటరీ ఏటా కొంచెం కొంచెం తగ్గుతుంది. కొన్నేళ్లకు తెల్లవారుజామున అయిదింటికే ఏసీ ఆపి కిటికీ తెరవవలసి రావచ్చు. ఆ గంటలో బయటి గాలి ఎలాగూ రోజంతటిలోకీ చల్లనిది.

ఇదే 4.03 యూనిట్లను లెడ్-యాసిడ్‌తో ఇవ్వాలంటే? సగమే వాడాలి కనుక 0.50 × 0.92 = 0.46. 4.03 ÷ 0.46 = 8.76 యూనిట్లు. ఒక్కొక్కటి 1.8 చొప్పున అయిదు బ్యాటరీలు. కాని 48 వోల్టుల ఇన్వర్టర్‌కు నాలుగేసి చొప్పున వరసకట్టాలి, కాబట్టి ఎనిమిది. ఎనిమిది బ్యాటరీల బరువు, వాటికి పోయవలసిన డిస్టిల్డ్ వాటర్, నింపేటప్పుడు వెలువడే హైడ్రోజన్ వాయువు బయటికి పోయే గాలి దారి – ఇవన్నీ ఊహించుకోండి. ఫ్యాను, లైటు వరకు లెడ్-యాసిడ్ మంచి నేస్తమే. ఏసీ దాకా వచ్చేసరికి చేతులెత్తేస్తుంది.

ప్యానెళ్ల లెక్క దీనితో పోలిస్తే తేలిక. రాత్రి 4 యూనిట్లు చేతికి రావాలంటే పగలు బ్యాటరీ వైపు దాదాపు 5 పంపాలి. కిలోవాట్‌కు 4 చొప్పున 1.25 కిలోవాట్లు. సాయంత్రం ముందే చల్లబరచడానికి, పగటి వాడకానికి మరో 5 యూనిట్లు అనుకుంటే మొత్తం 2.5. మూడు కిలోవాట్లు, 300 చదరపు అడుగుల మిద్దె సరిపోతాయి.

9.8 దాచిన యూనిట్ ఖరీదు ఎంత?

బ్యాటరీ ధరను అది జీవితకాలంలో చేతికిచ్చే మొత్తం యూనిట్లతో భాగిస్తే ఒక యూనిట్‌ను దాచే ఖర్చు తెలుస్తుంది. లెక్క సులువు కోసం 5.12 మాడ్యూల్ ధర రూ. 80,000 అనుకుందాం. మీరు కొనేనాటి ధర వేరుగా ఉంటుంది, ఆ అంకె వేసుకోండి. నిండా నింపి వాడిన ప్రతిసారీ ఇంటికి వచ్చేది 5.12 × 0.828 = 4.24 యూనిట్లు. వయసుతో తగ్గేదాన్ని లెక్కలోకి తీసుకుని పదేళ్ల మొత్తంలో పది శాతం కోసేద్దాం.

ఏడాది పొడవునా ప్రతి రాత్రీ వాడితే పదేళ్లలో 3,650 రాత్రులు, సుమారు 13,900 యూనిట్లు. యూనిట్‌కు దాచే ఖర్చు రూ. 5.75. వేసవిలో ఏసీ కోసం 120 రాత్రులే వాడి మిగతా ఎనిమిది నెలలు ఊరికే ఉంచితే పదేళ్లలో 1,200 రాత్రులు, సుమారు 4,580 యూనిట్లు. యూనిట్‌కు దాచే ఖర్చు దాదాపు రూ. 17.50. బ్యాటరీ అదే, ధర అదే. నిద్రపోయే బ్యాటరీ ఖర్చు మూడింతలైంది. ఇందులో ప్యానెళ్ల ఖర్చు, అప్పు చేస్తే దాని వడ్డీ ఇంకా కలపలేదు.

ఈ రెండంకెలను దేనితో పోల్చాలి? మీ బిల్లును యూనిట్లతో భాగిస్తే వచ్చే సగటు ధరతో కాదు. మన టారిఫ్ మెట్లుమెట్లుగా ఉంటుంది. వాడకం పెరిగే కొద్దీ పై మెట్టు యూనిట్‌కు ఎక్కువ ధర పడుతుంది. ఏసీ వాడకం ఎప్పుడూ మామూలు వాడకం పైన చేరుతుంది కనుక మీరు ఆదా చేసే యూనిట్ పై మెట్టుదే. మే నెల బిల్లులో మీరు చేరుకున్న ఆఖరి మెట్టు ధరతో పోల్చండి. అలా పోల్చినా, వేసవికి మాత్రమే కొన్న బ్యాటరీ బిల్లు ఆదాతో తన ధరను తిరిగి రాబట్టుకోవడం కష్టం. దాన్ని వానాకాలంలో, చలికాలంలో కూడా సాయంత్రపు ఫ్రిజ్, ఫ్యాన్లు, మిక్సీ, టీవీలకు వాడితే లెక్క మెరుగుపడుతుంది.

9.9 అందరి బ్యాటరీ

మధ్యాహ్నం మీ ప్యానెళ్లిచ్చిన మిగులును బయటి లైన్‌కు పంపి, రాత్రి అక్కడి నుంచే తెచ్చుకుని, రెండింటి తేడాకు బిల్లు కట్టే పద్ధతి నెట్ మీటరింగ్. మిగులు యూనిట్లను ఎప్పుడు, ఏ ధరకు సర్దుతారన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది గనుక మీ విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలో ముందే అడగండి. ఈ పద్ధతిలో మీ యూనిట్‌ను దాచే శ్రమ మీది కాదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ. 30,000, మూడు కిలోవాట్లు లేదా అంతకు మించితే మొత్తం రూ. 78,000 సబ్సిడీగా నిర్ణయించారు. ఇది ప్యానెళ్ల సామర్థ్యాన్ని బట్టి ఇచ్చేది, బ్యాటరీ పరిమాణాన్ని బట్టి కాదు.

మరి ఆ యూనిట్‌ను గ్రిడ్ ఎక్కడ దాస్తుంది? చాలావరకు దాచదు, అదే క్షణంలో పక్కింటి వాళ్లు వాడేస్తారు, రాత్రికి మీకు థర్మల్ కేంద్రమో మరొకటో ఇస్తుంది. కాని నిజంగా దాచే చోట్లూ మనకున్నాయి. నాగార్జునసాగర్‌లోనూ, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోనూ నీటిని కిందికి వదిలి విద్యుత్తు తీయడమే కాక, మిగులు కరెంటు ఉన్నప్పుడు అదే యంత్రాలను తిరగేసి నీటిని మళ్లీ పైకి తోడగల ఏర్పాటు ఉంది. శ్రీశైలం ఎడమగట్టున అలాంటి 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. మీ మిద్దె మీది ట్యాంకు పోలిక ఇక్కడ పోలిక కూడా కాదు, అక్షరాలా నిజం.

గ్రిడ్ ఇచ్చే ఈ సౌకర్యం ఎప్పటికీ ఇలాగే ఉంటుందని అనుకోనక్కర లేదు. పగలు సౌర విద్యుత్తు ఎక్కువై, సాయంత్రం కొరత పెరిగే కొద్దీ గంటను బట్టి ధర మారే రోజులు వస్తున్నాయి. 2023లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు, సౌర గంటల్లో మామూలు ధర కంటె కనీసం 20 శాతం తక్కువ, సాయంత్రపు రద్దీ గంటల్లో ఎక్కువ ధర ఉండాలని చెప్పాయి. స్మార్ట్ మీటర్లతో ఇది మీ ఇంటి దాకా వస్తే 9.8లోని లెక్కను మళ్లీ వేసుకోవాలి. అప్పుడు బ్యాటరీ వైపు కొంత మొగ్గు రావచ్చు.

నా అభిప్రాయం అడిగితే, కరెంటు కోతలు అరుదుగా ఉండే పట్టణంలో, నెట్ మీటరింగ్ దొరికిన ఇంటికి ఏసీ కోసం పెద్ద బ్యాటరీ అవసరం లేదు. ఆ డబ్బుతో ముందు తెల్లపూత, తరవాత ప్యానెళ్లు, తరవాత మంచి ఏసీ. రాత్రి కోతలు గంటో రెండు గంటలో ఉండే ఊళ్లో రాత్రంతటికీ లెక్క వేయకండి. చల్లబడిన గదిలో రెండు గంటలకు ఒక యూనిట్ చుట్టుపక్కల చాలు. అంతకు తగిన చిన్న బ్యాటరీ కొనండి. ఇంట్లో వేడిని తట్టుకోలేని రోగి ఉన్నప్పుడు మాత్రం యూనిట్ ధర లెక్కను పక్కన పెట్టవచ్చు. అప్పుడు కొంటున్నది ఆదా కోసం కాదు, భరోసా కోసం. రెండింటినీ కలిపి “బ్యాటరీ తన డబ్బు తానే తెచ్చుకుంటుంది” అని ఎవరైనా నమ్మబలికితే 120 రాత్రుల లెక్క వాళ్ల ముందు పెట్టండి.

9.10 అమర్చేటప్పుడు

బ్యాటరీని పడకగదిలో గానీ మెట్ల కింద దారికి అడ్డంగా గానీ పెట్టించకండి. నీడ, గాలి ఉన్న చోటు, నీరు చేరని ఎత్తు చూడండి. ప్యానెళ్ల నుంచి వచ్చే ఏకముఖ విద్యుత్తు ఇంటి కరెంటు కంటె మొండిది. తీగ తెగినచోట పుట్టిన మెరుపు తనంతట తాను ఆరదు. కాబట్టి ఆ వైపు ఏకముఖ విద్యుత్తుకు తగిన స్విచ్చులు, ఫ్యూజులే ఉండాలి. ఇంట్లో వాడే మామూలు స్విచ్చు పనికిరాదు. ప్యానెళ్ల చట్రానికీ ఇన్వర్టర్‌కూ ఎర్తింగ్ చేయించండి. ఎల్.ఎఫ్.పి. మాడ్యూల్ లోపల సెల్‌లను కాపలా కాసే బి.ఎం.ఎస్. అనే పరికరం ఉంటుంది. అది ఇన్వర్టర్‌తో సమాచారం పంచుకునే రకమో కాదో కొనేముందే అడగండి. వారంటీ కాగితంలో సంవత్సరాలతో పాటు ఎన్ని సార్లు నింపి ఖాళీ చేయవచ్చో, చివరికి ఎంత శాతం సామర్థ్యం మిగలాలో రాసి ఉండాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
3. కరెంటు కోతల రాత్రుల్లో ఒక ఇంటికి 3 యూనిట్లు కావాలి. 12 వోల్టులు, 150 ఆంపియర్-అవర్ లెడ్-యాసిడ్ బ్యాటరీలు ఎన్ని అవసరం? ఇన్వర్టర్ 48 వోల్టులది, దాని సామర్థ్యం 92 శాతం.
4. ఒకే బ్యాటరీని వేసవిలో మాత్రమే వాడితే దాచిన యూనిట్ ఖర్చు ఎందుకు పెరుగుతుంది?

సమాధానాలు

1. 800 ÷ 1,600 = 0.5 యూనిట్.
2. బయటి లైన్‌లో కరెంటు పోయి ఉండవచ్చు. లైన్ మీద పనిచేసే వారి రక్షణ కోసం ఆన్-గ్రిడ్ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది.
3. 3 ÷ 0.46 = 6.52 యూనిట్లు, 6.52 ÷ 1.8 = 3.6. కాబట్టి నాలుగు బ్యాటరీలు. 48 వోల్టుల వరసకు కూడా సరిగ్గా నాలుగే కావాలి.
4. బ్యాటరీ ధర మారదు, అది చేతికిచ్చే మొత్తం యూనిట్లు తగ్గుతాయి. పైగా వాడినా వాడకపోయినా బ్యాటరీకి ఏళ్లతో పాటు వయసు మీద పడుతూనే ఉంటుంది.